జాడీలకు ఇన్సూరెన్స్

"...సామాను కాకపోతే మరేమిటండీ? గాలా?"

"గాలని నేనన్నానా? రాయనక్కర్లేదన్నాను. మంచాలు రాశాం, బీరువా రాశాం, ఫ్రిజ్జు రాశాం. ఊరగాయ జాడీలకి ఇన్సూరెన్సు అడిగినవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు శాంతా. ఇద్దరున్న ఇంట్లో అన్ని జాడీలేమిటని నవ్వరూ?"

"నవ్వితే నవ్వనివ్వండి. రేపు దార్లో పగిలితే, ఆ నవ్వినవాళ్ళు శ్రావణమాసంలో నాకు మామిడికాయలు తెచ్చిస్తారా?"

సలేహా గేటు బయట స్కూటీకి స్టాండు వేస్తూ ఇదంతా వింది. షంషాబాద్ బస్టాండు వెనక వీధిలో ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. మామూలుగా మాట్లాడుకున్నా పక్కింటికి వినబడుతుంది. ఆమె గేటు గొళ్ళెం తీసి తల లోపలికి పెట్టింది.

"అక్కా, ఇప్పుడు రావాల్నా, మీ లొల్లి అయినంక రావాల్నా?"

"రామ్మా సలేహా, నీకోసమే చూస్తున్నాను. నువ్వే చెప్పు ఈయనకి," అంది శాంతకుమారి, కుర్చీ మీద ఆరేసిన పాత చీర ముక్కలు తీసి చోటు చేస్తూ.

సలేహా ఇన్సూరెన్స్ ఏజెంటు. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ షంషాబాదే కావడంతో ఆ ఊళ్ళో ఆమెకు తెలియని గుమ్మం తక్కువ. మూడేళ్ళ కిందట వీధిలో రెండు దొంగతనాలు జరిగినప్పుడు భీమశంకరరావు చేత ఇంటి సామానుకు పాలసీ తీయించింది ఆమే. ఇప్పుడు ఆదివారం నాడు వాళ్ళ సామాను ఈ అద్దె ఇంట్లోంచి మంఖాల్ దగ్గర కట్టుకున్న సొంత ఇంటికి వెళుతోంది. దారిలో పోయేటప్పుడు సామానుకు విడిగా బీమా ఉంటుందని చెప్పి, ఆ కాగితాలు రాయించుకోవడానికి వచ్చింది.

ఇంట్లో సగం వస్తువులు అప్పుడే మూటలయ్యాయి. వంటింటి పక్క చిన్న గదిలో మాత్రం ఏదీ కదల్లేదు. గోడ వారగా రెండు వరసల్లో జాడీలు. గోధుమరంగు మెడా తెల్లటి పొట్టా ఉన్న పింగాణీ జాడీలు, మూతుల మీద తెల్లగుడ్డ వాసెన కట్టి, పురికొసతో బిగించి ఉన్నాయి. ఆవకాయ, మాగాయ, తొక్కు, ఎల్లిపాయ ఆవకాయ. ఈ వేసవిలో పెట్టినవన్నీ అవే. మళ్ళీ కాయ దొరికేది వచ్చే ఏడాదే.

శాంతకుమారి పుట్టింది మండపేటలో. పెళ్ళయి హైదరాబాదు వచ్చేనాటికి భీమశంకరరావు గగన్‌పహాడ్‌లో పాత టైర్లకు కొత్త రబ్బరు వేసే ఫ్యాక్టరీలో గుమాస్తా. ఇప్పుడు అక్కడే లెక్కలు చూసే మేనేజరు. షంషాబాద్‌లో ఇల్లు అద్దెకు తీసుకుంటే ఫ్యాక్టరీకి ఒకటే బస్సు అని ఈ వీధికి వచ్చారు. అమ్మాయి సాహితి ఇక్కడే పెరిగి, కాకినాడలో ఇంజనీరింగులో చేరింది. ఆ పిల్ల వెళ్ళిన ఏడాదే ఊరి అవతల విమానాశ్రయం తెరిచారు. వీధి చివర ఒక లాడ్జి లేచింది.

ఆ లాడ్జిలో దిగేవాళ్ళలో ఎక్కువమంది నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి దుబాయ్‌కో మస్కట్‌కో కూలికి పోయేవాళ్ళు. విమానం తప్పిపోతుందేమోనన్న భయంతో ముందురోజే వచ్చి ఉంటారు. ఒకరోజు శాంతకుమారి కూరగాయలు తెచ్చుకుంటూ ఉంటే, లాడ్జి మెట్ల మీద ఒకతను కూర్చుని పచ్చడిలోంచి గాజుముక్కలు ఏరుతున్నాడు. బస్సులో సీసా పగిలిందట. ఇంటి నుంచి తెచ్చుకున్నదట. శాంతకుమారి అతన్ని లేపి, ఆ పచ్చడి పారేయించి, ఇంటికి తీసుకొచ్చి తన జాడీలోంచి తీసి పెట్టి ఇచ్చింది. అతను వేలితో రుచి చూసి, "మంచిగున్నదక్కా. గని దీంట్ల ఎల్లిపాయ లేదేంది?" అన్నాడు.

మరుసటి ఏడు ఒక జాడీ వెల్లుల్లి వేసి పెట్టింది. అతను మస్కట్ నుంచి ఫోన్ చేసి, తన గదిలో ఉండేవాళ్ళు ఫలానా తేదీన వస్తున్నారని చెప్పాడు. వాళ్ళు ఇంకొందరికి చెప్పారు. లాడ్జి మేనేజరు ఆమె ఫోన్ నంబరు కౌంటరు అద్దం మీద అంటించాడు. ఆమె కూడా నేర్చుకుంది. మీద నూనె వేలెత్తు తేలేలా పోసి, పాలిథిన్ సంచి మూతిని కొవ్వొత్తి మంట మీద అతికించి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి మళ్ళీ అతికించి, ఆపైన టిన్ను డబ్బాలో దించేది. సూట్‌కేసులో కారిందని ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

ఎవరైనా అడిగితే భీమశంకరరావు మాత్రం, "కాలక్షేపానికి చేస్తుందండీ, నలుగురికీ పెట్టడం తనకి సరదా," అనేవాడు.

"సార్, మీ పాత పాలసీ జర చూపెట్టుండ్రి," అంది సలేహా, శాంతకుమారి ఇచ్చిన మజ్జిగ తాగి గ్లాసు కింద పెడుతూ.

భీమశంకరరావు ఫైలు తెచ్చాడు. ఆయన ఫైళ్ళలో కాగితాలు తేదీల వరసన ఉంటాయి. సలేహా పైకాగితం చదివి, మళ్ళీ చదివింది.

"ఏంది సార్ ఇది? అడ్రస్ మంఖాల్‌ది ఉన్నది."

"మార్పించాను," అన్నాడాయన తృప్తిగా. "మొన్న జ్యేష్ఠంలో పాలు పొంగించాం కదా, ఆ రోజే. నేనే మీ ఆఫీసుకి ఉత్తరం రాసి పంపాను. కొత్తింటికి సంబంధించిన కాగితాలన్నీ గృహప్రవేశం నాటి తేదీతో ఉండాలని నా కోరిక. వాళ్ళూ వెంటనే మార్చి పంపారు."

"మీరు ఆ దినం సంది ఆడనే ఉంటున్నరా?"

"ఎలా ఉంటాం? ఆషాఢం వచ్చేసింది. ఆషాఢంలో సామాను తరలించకూడదు కదా. ముహూర్తం దాటిపోకుండా పాలు పొంగించి, ఆ రాత్రి అక్కడ పడుకుని వచ్చేశాం. శాస్త్రం ప్రకారం మేమా ఇంట్లో చేరిపోయినట్టే."

"మీరు చేరిన్రు సార్. సామాను ఏడ చేరింది?"

భీమశంకరరావు ఆ కాగితం అందుకుని చిరునామా మళ్ళీ చదువుకున్నాడు.

"పాలసీల రాసిన ఇంట్ల సామాను ఉంటేనే అది పనికొస్తది," అంది సలేహా. "పోయిన నెల సంది మీ పాలసీ ఆడ ఖాళీ ఇంటికి కాపలా కూసున్నది. ఈడ మీ ఫ్రిజ్జుకు, టీవీకి, బీరువాకు దిక్కు లేదు. నన్నొక్క మాట అడగకపోతిరి?"

శాంతకుమారికి ముందు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు నవ్వింది. "అంటే ఆషాఢమంతా ఇల్లు గుల్లయినా మనకేమీ వచ్చేది కాదన్నమాట," అంది. తర్వాత చిన్న గదివైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. "మరి ఇవో?"

"ఇవి దేంట్ల లేవక్కా. పాత ఇంట్ల లేవు, కొత్త ఇంట్ల లేవు. సారు వీటిని ఎన్నడు రాయలే."

సలేహా అక్కడే కూర్చుని తన ఆఫీసుకు ఫోన్ కలిపింది. మంచాలు, బీరువాల సంగతి తేలికగానే తేలింది. ఈరోజే పాత చిరునామాకు మళ్ళీ మార్చి, ఆదివారం సాయంత్రం నుంచి కొత్త చిరునామా వేసి, మధ్యలో దారికి ఒక రోజు బీమా రాస్తారట. జాడీల మాట ఎత్తగానే అవతలివాళ్ళు ఏదో అడిగారు. సలేహా ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది.

"అడుగుతున్నరు. ఇది తినేదా, అమ్మేదా?"

"తినేదే," అన్నాడు భీమశంకరరావు.

"అమ్మేదే," అంది శాంతకుమారి.

ఇద్దరూ ఒకేసారి అన్నారు. సలేహా "మల్ల చేస్తా సార్" అని ఫోన్ పెట్టేసింది.

"ఇనుండ్రి సార్. తినేదని రాస్తే రేపు పగిలినంక నష్టం చూసెటందుకు సర్వేయర్ వస్తడు. ఇద్దరు మనుషులు ఇంత తొక్కు తింటరా అని అడుగుతడు. ఒక్క రూపాయి రాదు, పైనుంచి అబద్ధం చెప్పిన్రని నా మీద పడ్తరు. అమ్మేదని రాస్తే అది వేరే. దానికి వేరే పాలసీ, వేరే పేరు."

"మనం వ్యాపారస్తులమా శాంతా?" అన్నాడాయన. గొంతు పెంచలేదు. "మా నాన్నగారు బతికుంటే..."

"బతికుంటే ఆయనే ముందు సంతకం పెట్టేవారు, ఎల్లిపాయ ఆవకాయ కోసం," అంది శాంతకుమారి. "ఏవండీ, మస్కట్లో ఎంతమంది ఈ జాడీల కోసం చూస్తున్నారో మీకు తెలుసు. ఇప్పుడు ఇవి పోతే వచ్చే వేసవి దాకా నేను చేతులు ముడుచుక్కూర్చోవాలి. అప్పటికి వాళ్ళు ఇంకో చోటు చూసుకుంటారు. నాకు ఇవి పగలకూడదు. పగిలినా నేను మళ్ళీ మొదలుపెట్టగలగాలి. సలేహా, అమ్మేదని రాయి. నా పేరు మీద రాయి."

భీమశంకరరావు ఫైలు మూసి లోపల పెట్టాడు. టిఫిను తిని, చెప్పులు వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు.

సలేహా మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి చాలాసేపు మాట్లాడింది. శాంతకుమారి ఆమె ముఖమే చూస్తూ నిలబడింది.

"దుకాణం పేరేందని అడుగుతున్నరక్కా."

"దుకాణమా? దుకాణం లేదుగా."

"సరుకున్నది, గిరాకీ ఉన్నది. పేరొక్కటే లేదు. ఏదన్న చెప్పు."

 శాంతకుమారి దేవుళ్ళ పేర్లు రెండు అనుకుంది. అమ్మాయి పేరు అనుకుంది. లాడ్జివాళ్ళు తననేమంటారో గుర్తొచ్చింది. చెప్పడానికి సిగ్గుపడుతుంటే సలేహానే ఫోన్లో చెప్పేసింది. "రాసుకోండ్రి. శాంతక్క ఊరగాయలు. ఆ. షంషాబాద్."

"ఇంకోసారి చెప్పమను," అంది శాంతకుమారి నెమ్మదిగా. "వాళ్ళు సరిగ్గా రాసుకున్నారో లేదో."

అవతలివాళ్ళు చదివి వినిపించారు. సలేహా ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టింది. ఎవరో మగగొంతు, ఏ ఉత్సాహమూ లేకుండా, "శాంతక్క ఊరగాయలు, షంషాబాద్, ప్రొప్రయిటర్ శాంతకుమారి" అని చదివింది. ఆమె "కరెక్టేనండీ" అని ఫోన్ తిరిగి ఇచ్చేసి, వంటింట్లోకి వెళ్ళి ఊరికే ఒక గ్లాసు కడిగి వచ్చింది.

ఒక చిక్కు మిగిలింది. ఇంట్లో వాళ్ళే కట్టుకున్న సామాను పగిలితే కంపెనీ ఒప్పుకోదు. మామూలు అట్టపెట్టెలు కుదరవు. జాడీలు ఎలా కడతారో, ఏ బండిలో వేస్తారో ఫోటోలు చూపించాలి. గట్టిగా ఉందనిపిస్తే రాస్తారు. "రేపటి వరకు ఏదన్న సోచాయించు అక్కా," అని సలేహా వెళ్ళిపోయింది.

మండపేటలోనైతే ఎండుగడ్డి చుట్టి, బుట్టల్లో ఊక పోసి దించేవాళ్ళు. షంషాబాద్‌లో గడ్డి ఎక్కడ దొరుకుతుంది? గోనెసంచులు ఎన్ని కావాలో లెక్క చూస్తుండగా మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు.

"శాంతా, పెద్ద జాడీ పొట్ట ఎంత ఉంటుంది?"

"అదేం ప్రశ్నండీ!"

"అడిగింది చెప్పు. చుట్టుకొలత. బ్లౌజుల టేపుంటుందిగా, దాంతో కొలువు. చిన్నవీ కొలువు. నేను లైన్లోనే ఉంటాను."

ఆమె ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని జాడీ జాడీకీ టేపు చుట్టి చెప్పింది. ఎందుకని అడిగితే "వచ్చాక చెప్తాను" అని పెట్టేశాడు.

సాయంత్రం ఆయన ఆటోలో వచ్చాడు. ఆయన ఆటోలో రావడమే వింత. ఆటోలో ఆయన పక్కన, ఒళ్ళో, వెనకాల అంతా స్కూటర్ టైర్లు. డ్రైవరు పక్కన కూడా మూడు. మేడమీది ఇంటావిడ రేణుకమ్మ పిట్టగోడ మీంచి వంగి చూసి, "ఏంది సారూ, ఇల్లు మారుతున్నరా, టైర్ల దుకాణం పెడ్తున్నరా?" అంది.

"పెడుతున్నది నేను కాదులెండి, మా ఆవిడ," అన్నాడు భీమశంకరరావు. ఆ మాట అనేశాక ఆయనే ఒక క్షణం ఆగి, మళ్ళీ టైర్లు దించడంలో పడ్డాడు.

అవి అరిగిపోయి, కొత్త రబ్బరు కూడా పట్టనివి. తుక్కుకి పోయేవి. ఒకటి నేల మీద పరిచి, దాని మీద ఇంకోటి పెట్టి, ఒక ఖాళీ జాడీ తెమ్మన్నాడు. శాంతకుమారి తెచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి నెమ్మదిగా దించాడు. జాడీ పొట్ట టైరు లోపలి అంచుకు తగిలి, కొద్దిగా దిగి, కూర్చుంది. ఆయన పక్క నుంచి కాలితో నెట్టాడు. టైరు కదిలింది గానీ జాడీ కదల్లేదు.

"అరే," అంది శాంతకుమారి. ఆమె కూడా ఒకసారి నెట్టి చూసింది. ఇంకొంచెం గట్టిగా నెట్టింది. "అరే! భలే ఉందండీ!"

"పొద్దున వెళ్ళేటప్పుడు దారంతా ఇదే ఆలోచన," అన్నాడాయన. "చిన్నవాటికి కొంచెం వదులవుతుంది. గోనె చుట్టి బిగిద్దాం."

"రబ్బరు వాసన ఊరగాయకి పట్టదు కదా?"

"కడుగుదాం."

ఇద్దరూ పెరట్లో కూర్చుని చీకటి పడేదాకా కుంకుడు రసంతో టైర్లు తోమారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆమె పక్కన కూర్చుని గిన్నె కూడా తోమలేదు. టైరు తోమడంలో మాత్రం ఆయనకు ఆమెకన్నా చాలా విషయాలు తెలుసు. అవి ఆపకుండా చెబుతూనే ఉన్నాడు.

మరునాడు పొద్దున్నే యాదయ్య తన డీసీఎం వ్యాను తెచ్చాడు. ఆదివారం సామాను వేసేది దానిలోనే. శాంతకుమారి అంతకుముందే ఒక పాత జాడీ నిండా నీళ్ళు పోసి, మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టి సిద్ధంగా పెట్టుకుంది. ముందు నీళ్ళతో చూద్దామని ఆమె ఆలోచనే. గుడ్డ తడిస్తే కట్టు పనికిరానట్టు.

యాదయ్య టైర్లలో కూర్చున్న జాడీ చుట్టూ ఒకసారి తిరిగాడు. "అమ్మా, నా బండికి టైర్లు కింద ఉంటయి. మీరు పైన పెడ్తున్నరేంది?"

"నీ కింద టైర్లు ఎలాంటివో తెలుసు కాబట్టే యాదయ్యా," అంది శాంతకుమారి.

సలేహా స్కూటీ మీద వచ్చి, తన ఫోన్‌తో జాడీని ముందు నుంచీ వెనక నుంచీ, బండి నంబరును విడిగా ఫోటోలు తీసింది. యాదయ్య టైర్లను తాళ్ళతో బండి కొక్కేలకు కట్టాడు. అంతా అయ్యాక శాంతకుమారి చెంగు నడుముకు దోపి, వెనకనుంచి బండెక్కింది.

"నువ్వెక్కడికి?" అన్నాడు భీమశంకరరావు.

"దగ్గర కూర్చుని చూడకపోతే ఎలా తెలుస్తుంది?"

"పడతావు. నీ మోకాలి సంగతి..."

"పడితే నాకు ఇన్సూరెన్సు ఉందిగా. అడ్రసు మార్చలేదు కదా దానిది?"

సలేహా ఫోన్ పట్టుకునే నవ్వింది. ఆ ఫోటో వంకరగా వచ్చింది. భీమశంకరరావు అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి, తనూ ఎక్కాడు.

బండి బస్టాండు మీదుగా వెళ్ళి, రైలు గేటు వైపు తిరిగింది. ఆ దారిలో ఊళ్ళో అందరికీ తెలిసిన పెద్ద స్పీడ్ బ్రేకరు ఒకటుంది. యాదయ్య అలవాటు కొద్దీ దాని ముందు నెమ్మది చేయబోయాడు. "వద్దు, అలాగే పోనీ!" అని శాంతకుమారి వెనకనుంచి అరిచింది. బండి ఎగిరింది. ఆమె ఎగిరింది. భీమశంకరరావు కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. జాడీ టైర్లతోపాటు లేచి, టైర్లతోపాటు కూర్చుంది.

ఆమె మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి గుడ్డ తడిమింది. పొడిగా ఉంది.

"ఇంకోసారి యాదయ్యా! ఇంకా జోరుగా!"

"అమ్మా, నా బండికి ఇన్సూరెన్స్ అయిపోయి నెలయింది!"

"ఈరోజే కట్టిస్తుందిలే సలేహా. పోనీ!"

వెనకే స్కూటీ మీద వస్తున్న సలేహా చెయ్యి ఊపింది. వెనక్కి తిప్పి, మళ్ళీ ఎగిరించారు. గేటు దగ్గర ఆగినవాళ్ళు వ్యానులో కూర్చుని కేకలు వేస్తున్న దంపతుల్ని వింతగా చూశారు. భీమశంకరరావు ఒక చేత్తో తాడూ, ఇంకో చేత్తో ఆమె భుజమూ పట్టుకున్నాడు. మూడోసారికి ఆయనే, "ఎడమ చక్రం ఎక్కించు యాదయ్యా, ఒకవైపే ఎక్కితే ఎలా ఉంటుందో చూద్దాం," అన్నాడు. మూడోసారీ గుడ్డ తడవలేదు. ఒంటిమీద మాత్రం ఇద్దరికీ దుమ్ము. ఇంటికొచ్చాక శాంతకుమారి అందరికీ టీ పెట్టింది. గ్లాసులు సలేహా అందించింది.

సలేహా ఫోటోలు తీసుకుని సిటీలో ఆఫీసుకు వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేలోపు శాంతకుమారి, భీమశంకరరావు, యాదయ్య కలిసి జాడీలన్నీ టైర్లలో కూర్చోబెట్టారు. చిన్న గది నిండిపోయి, కొన్ని హాల్లోకి వచ్చాయి. మధ్యలో నడవడానికి దారి లేదు. రేణుకమ్మ కిందికి దిగి గుమ్మంలో నిలబడి చూసింది. "పెండ్లికూతుర్ల లెక్క కూసున్నయి," అంది.

సాయంత్రం సలేహా వచ్చింది. రంజాన్ నెలవంక కనబడుతుందేమోనని వీధిలో పిల్లలు మేడలెక్కారు. ఆమె తొందరలో ఉంది. హెల్మెట్ తీయకుండానే లోపలికొచ్చింది.

"అక్కా, ఒకటి ఖుష్ ఖబర్, ఒకటి జర కిరికిరి."

"మంచిది ముందు చెప్పు."

"ఇంటి సామానుది అయిపోయింది. ఈరోజు సంది ఈ ఇంట్ల, ఆదివారం దార్ల, ఆ రాత్రి సంది మంఖాల్‌ల, మూడు దిక్కుల ఉన్నది. జాడీలది కూడ ఒప్పుకున్నరు. ఫోటోలు చూసి ఆఫీసర్ సార్ కుర్చీలకెల్లి లేచిండు. టైర్లల్ల జాడీ మస్తున్నదని పక్క సెక్షన్ వాళ్ళను పిలిచి చూపెట్టిండు. ఇగో, దరఖాస్తు నకలు. నీ పేరు."

శాంతకుమారి చేతులు చీరకు తుడుచుకుని కాగితం అందుకుంది. 'శాంతక్క ఊరగాయలు' అని టైపు కొట్టి ఉంది. భర్తకు చూపించింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, అక్షరదోషాల కోసమన్నట్టు చదివి, "బావుంది," అన్నాడు. మళ్ళీ ఇంకోసారి, "బావుంది శాంతా," అన్నాడు.

"మరి కిరికిరి ఏంటి?"

"అమ్మకం సరుకు కదా, పెద్ద సారు సంతకం కావాలె. ఆయన సోమవారం వస్తడు. సోమవారం సంతకం పడితే మంగళవారం పొద్దుగాల నుంచి నడుస్తది. అంతకుముందు జాడీ గేటు దాటితే అది మీ జిమ్మ, కంపెనీది కాదు."



"మంగళవారమా?" అన్నాడు భీమశంకరరావు. "మంగళవారం ఎవరైనా ఇల్లు మారతారా? ఆదివారం ముహూర్తం పెట్టించాను. బుధవారం తీసుకెళ్ళకూడదా జాడీల్ని?"

"బుధవారం సంది నేను ఖాళీ లేను సారూ," అన్నాడు యాదయ్య. "శ్రావణం గద, వారం దినాలు ఒకటే గిరాకీ. మంగళవారమైతే ఖాళీ. ఆ రోజు ఎవ్వరు పిలువరు."

"ఇంకో బండి?"

"యాదయ్య బండి నంబరే రాసిచ్చిన సార్," అంది సలేహా. "వేరే బండి అంటే మల్ల ఫోటోలు, మల్ల సంతకం."

"పోనీ, ఇవి ఇక్కడే పెట్టి తాళం వేసి వెళదాం. నెలాఖరు దాకా ఇల్లు మనదేగా. మంగళవారం పొద్దున నేనొక్కణ్ణే వచ్చి తీసుకొస్తాను."

"మనుషులు లేని ఇంట్ల సరుకుకు బీమా షురూ కాదన్నరు. అది ముందుగాలనే అడిగిన. రాత్రి ఎవరన్న పండుకోవాలె."

భీమశంకరరావు కుర్చీలో కూర్చుని, తర్వాత లేచి, టైర్ల మధ్య కాళ్ళు చూసుకుని వేస్తూ కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. "నిన్నా ఇవాళా చూశాం కదా, కదల్లేదు," అన్నాడు భార్యతో. "స్పీడ్ బ్రేకరు మీద మూడుసార్లు ఎగిరినా కదల్లేదు. ఆదివారం రింగు రోడ్డు మీద పోతాం. నున్నటి రోడ్డు. ఒక్క గంట ప్రయాణం. ఏమవుతుంది శాంతా? మొదటిరోజు ఆ ఇంట్లో నువ్వు లేకుండా నేనెలా దీపం పెట్టుకోను?"

వీధిలో పిల్లలు ఒక్కసారిగా కేకలు వేశారు. సలేహా కిటికీలోంచి పైకి చూసి, హెల్మెట్ పట్టీ బిగించుకుంది. "చెప్పక్కా," అంది. "నువ్వు చెప్పినట్టే రాయిస్త."

శాంతకుమారి చేతిలోని కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"ఆదివారం సామాన్లతో మీరు వెళ్ళండి," అంది భర్తతో. "జాడీలతో నేనిక్కడే ఉంటాను. మంగళవారం వస్తాం. యాదయ్యా, ఏడింటికల్లా బండి గేటు దగ్గరుండాలి."